అమెరికావోళ్లకు తెల్లారిందా నాయనా?

గోడవతల నుంచి పెద్దమ్మ ఈ మాట అడిగిందంటే నా సాయంత్రం మీటింగుకు వేళయిందని లెక్క. వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకీ వెనక్కీ తిప్పుకుంటారన్న సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. బర్రెకు పాలు పిండే వేళకు నా ఇంగ్లీషు వినపడుతోందా లేదా అన్నదాన్ని బట్టి తనే కనిపెట్టింది. "నవంబరు వచ్చేతలికి ఆళ్లకు బద్ధకం ఎక్కువైతాది. గంట ఆలస్యంగా లేస్తారు" అని తేల్చేసింది. అందులో దిద్దాల్సిందేమీ నాకు కనిపించలేదు.

2020 లాక్‌డౌనులో హైదరాబాదు నుంచి గడివేముల చేరిన సాఫ్ట్‌వేరు వాళ్లలో నేనూ ఒకణ్ణి. తోటివాళ్లు చాలామంది వెనక్కి పోయారు. నేను కంపెనీ రమ్మన్నప్పుడు పోయి నాలుగు రోజులుండి, మిగతా పనంతా ఇక్కడినుంచే చేసుకుంటున్నా. మా రెండిళ్ల మధ్య గోడ ఛాతీ ఎత్తు. దాని మీద ఒక పక్క పెద్దమ్మ ఎండుమిరపకాయల చాట, ఇంకో పక్క నా టీ గ్లాసు. హైదరాబాదు ఆఫీసులో కాఫీ మిషను దగ్గర కూడా కబుర్లు చెప్పుకునేవాళ్లం. అందరిదీ ఒకే పని, అందుకే అందరివీ ఒకే అభిప్రాయాలు. ఈ గోడ దగ్గర ఆ ఆటలు సాగవు. ఏ కంపెనీని ఎంత పొగిడినా ఇక్కడ రెండే ప్రశ్నలు. దాంతో మనకేం? అది నిలిచిపోతే ఎట్ల? మొదటిది పెద్నాయన అడుగుతాడు, రెండోది పెద్దమ్మ. పాతికేళ్ల నుంచి మా కంపెనీలు మొదటి ప్రశ్నకు రంగురంగుల జవాబులు తయారుచేసుకున్నాయి. రెండోది అడిగేవాళ్లు మీటింగుల్లో పెద్దగా ఉండరు.

వాళ్ల మనవడు నంద్యాలలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్ వాళ్లక్క వాడుకుని ఇచ్చింది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10ను వదిలేసింది. ఇక దానికి కొత్త మరమ్మతులు రావు. వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతకు సంబంధించినవి ఇంకో ఏడాది ఇస్తామన్నారు, అంతే. పదకొండుకు మారదామంటే ఈ ల్యాప్‌టాప్ ప్రాసెసరు వాళ్ల జాబితాలో లేదు. సుమారుగా 2018కి ముందు తయారైన ఇంటెల్ ప్రాసెసర్లు ఆ జాబితాలోకి రావు. మనవడు దిగులుగా గోడ దగ్గరికి తెచ్చాడు.

"చెడిపోయిందా?" అన్నాడు పెద్నాయన.

"లేదు పెద్నాయనా, బాగానే ఉంది."

"మరేం?"

"పాతదైపోయిందంట."

"ఎవురు చెప్పినారు?"

"అమ్మినోళ్లే."

పెద్నాయన తువ్వాలు దులుపుకుని కాసేపు నవ్వాడు. "మా ట్రాక్టరు కంపెనోనికి ఈ ఉపాయం ఇంగా తోచలేదబ్బా. తోచినాదంటే మా పని అయిపాయ" అన్నాడు.

నేను దాంట్లో విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చాను. ఇప్పుడు వాడి ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తున్నాయి, మునుపటికన్నా చురుగ్గానే. నాకు మైక్రోసాఫ్ట్ మీద కోపం లేదు. వాళ్లు చెప్పే భద్రత కారణాలు ఉత్తవి కూడా కావు. కొత్త చిప్పుల్లో తాళంచెవులను దాచే ఏర్పాటు నిజంగానే మెరుగు. కానీ తిరుగుతున్న మిషనుకు చావు తేదీ రాసిపెట్టే హక్కు అమ్మినవాడికి ఎందుకుండాలో ఆ ట్రాక్టరు మాట విన్న తర్వాత నేను సమర్థించలేను.

మైక్రోసాఫ్ట్ అనగానే పెద్నాయనకు ఇంకోటి గుర్తొస్తుంది. "ఆ సత్య నాదెళ్ల మన బుక్కాపురమోడే గదా, మహానంది కాడ." 2014 ఫిబ్రవరిలో నాదెళ్ల ఆ కంపెనీ పెద్ద అయినప్పటినుంచీ ఈ మాట నడుస్తోంది. మహానంది మండలంలో బుక్కాపురం ఉన్న మాట నిజమే. కానీ నాదెళ్ల వాళ్లది అనంతపురం బుక్కాపురం. తండ్రి యుగంధర్ ఐఏఎస్ అధికారి, కొడుకు హైదరాబాదులో పుట్టి పెరిగాడు. ఇది చెప్తే పెద్నాయన ఒప్పుకోడు. "అనంతపురమైతేనేం, సీమోడేగా" అంటాడు. సరే, సీమ వరకు నేనూ సంతకం పెడతాను.

విండోస్ 10ను వదిలేసిన అదే అక్టోబరు 14న ఢిల్లీలో ఇంకో సంగతి జరిగింది. గూగుల్ విశాఖపట్నంలో ఏఐ కోసం పెద్ద డేటా సెంటరు కడతామని ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాటు సామర్థ్యం. పేపర్లన్నీ డాలర్ల గురించి రాశాయి. మా గోడ దగ్గర మాత్రం గిగావాటు గురించి మాట్లాడుకున్నాం, ఎందుకంటే దాని కొలత మాకు తెలుసు. ఒక గిగావాటంటే వెయ్యి మెగావాట్లు. అంటే సరిగ్గా మా గని సోలారంత.

గడివేముల బయటివాళ్లకు ఇది తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం చెప్తాను. మా మండలంలోని గని, పక్కన ఓర్వకల్లు మండలంలోని శకునాల, ఈ రెండూళ్ల భూముల్లో 2017లో సోలారు పార్కు పూర్తయింది. 5,900 ఎకరాలకు పైన, నలభై లక్షలకు పైగా పలకలు, వెయ్యి మెగావాట్లు. అప్పట్లో ఒకేచోట ఇంత పెద్దది ప్రపంచంలోనే అరుదు. గ్రీన్‌కో, జపాను సాఫ్ట్‌బ్యాంకు వాళ్ల కంపెనీ, అజూర్, అదానీ పంచుకుని పలకలు పరిచారు. అటు బిలకలగూడూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ, ఇటు గని దగ్గర సోలారు. కంపెనీలు మా మండలానికి కొత్త కాదు.

"అంటే మన సోలారు మొత్తం ఆ విశాఖపట్నం ఇంటికే సరిపోతాదా?" అన్నాడు పెద్నాయన.

సరిపోదు. అక్కడే ఉంది తిరకాసు. గని వెయ్యి మెగావాట్లు ఇచ్చేది ఎండ నడినెత్తికొచ్చినప్పుడు. పొద్దున, సాయంత్రం తగ్గుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది, పలకల మీద దుమ్ము పేరుకుంటే తగ్గుతుంది, రాత్రికి సున్నా. ఇరవైనాలుగు గంటలకూ సగటు తీస్తే వెయ్యిలో నాలుగో వంతుకు అటూ ఇటూ. డేటా సెంటరుకు పగలూ రాత్రీ లేవు. అది నిండుగా నడిస్తే ఒక్క ఎండతోనే దాన్ని మేపడానికి ఇట్లాంటి గనులు నాలుగు దాకా కావాలి. ఇరవై వేల ఎకరాల పైమాట. పైగా పగటి కరెంటును రాత్రికి దాచాలి. దానికి మా పక్కన పాణ్యం మండలం పిన్నాపురం కొండల్లో గ్రీన్‌కో వాళ్లు పట్టుకున్న పద్ధతి ఉంది. పగలు మిగులు కరెంటుతో నీళ్లను పై రిజర్వాయరుకు ఎక్కిస్తారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించడానికి అయినంత కరెంటు దిగేటప్పుడు తిరిగి రాదు, అయిదో వంతు దాకా దారిలో పోతుంది. నిజానికి విశాఖకు గాలి కరెంటూ బొగ్గు కరెంటూ అన్నీ కలిసే వస్తాయనుకోండి, ఎంతవుతుందో తెలియడానికి ఈ లెక్క.

పెద్నాయన వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "ఆడ పిల్లోడు బొమ్మ అడిగితే ఈడ ఎండ కాయాల" అన్నాడు.

2025 మార్చిలో అందరికీ ఏఐతో జిబ్లీ బొమ్మలు చేయించుకునే పిచ్చి పట్టినప్పుడు మనవడు ఇంటిల్లిపాదినీ, బర్రెతో సహా, కార్టూను బొమ్మలుగా మార్చి చూపించాడు. ఆ బర్రె బొమ్మ పెద్నాయనకు ఇప్పటికీ గుర్తే. నాకు తెలిసిన ఇంజనీర్లలో ఒక బొమ్మకూ ఒక ఎండపొద్దుకూ ఇంత తొందరగా లంకె వేసినవాళ్లు తక్కువ. మేం ప్రోగ్రాము నెమ్మదిగా నడిస్తే ఇంకో పెద్ద మిషను అద్దెకు తీసుకుంటాం, అక్కడితో మా ఆలోచన అయిపోతుంది. ఆ మిషను ఎక్కడో ఒకచోట ఎవరి పొలం పక్కనో వేడెక్కుతూ ఉంటుందన్నది మా బిల్లులో రాయరు. డేటా సెంటరు వద్దని నేననను. కట్టేటప్పుడు కూలి దొరుకుతుంది, కట్టాక లోపల మనుషులు తక్కువే పడతారు. సోలారు కట్టినప్పుడు మా ఊళ్లు చూసిందీ ఇదే. ఉద్యోగాల లెక్క చెప్పేటప్పుడు ఈ రెండూ వేరువేరుగా చెప్పమంటాను.

పొగడాల్సినవాటిని కూడా పొగుడుతాను. నన్నడిగితే ఈ పదేళ్లలో మన దేశంలో తయారైన గొప్ప కంప్యూటరు కిరాణా కొట్టు బల్ల మీది సౌండ్‌బాక్సు. 2016లో యూపీఐ మొదలైంది. 2025 ఆగస్టుకు నెలలో 2,000 కోట్ల చెల్లింపులు దాటాయి. అయితే డబ్బు పడిందా లేదా అని ఫోను తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, మెసేజి వెతుక్కోవాల్సి వచ్చినన్నాళ్లూ మా వీధి కొట్టు అక్కకు అది తలనొప్పే. ఆ డబ్బా వచ్చి తెలుగులో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాక తలనొప్పి పోయింది. దానికి తెర లేదు, పాస్‌వర్డు లేదు, నేర్చుకోవాల్సిందేమీ లేదు. 2024లో ఫోన్‌పే వాళ్లు మహేశ్ బాబు గొంతు కూడా పెట్టారు. "నలభై రూపాయలకు మహేశ్ బాబు వచ్చి చెప్పల్లనా" అని పెద్దమ్మ విసుక్కుంటుంది గానీ, ఆ గొంతు వినడానికే ఉప్పు ప్యాకెట్టుకు కూడా మనవడి చేత ఫోనులో కట్టిస్తుందని నా అనుమానం.

డబ్బా పలక్కపోతే? కొట్టు అక్క సొరుగులోంచి నోటుబుక్కు తీస్తుంది. పేరు, సరుకు, మొత్తం రాసుకుని "రేపియ్యిలే" అంటుంది. వ్యాపారం నిలవదు. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు పోసి తయారుచేసుకునే అత్యవసర ఏర్పాటు ఆమెకు పది రూపాయల నోటుబుక్కులో ఉంది.

2024 జూలై 19, శుక్రవారం గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. నీలం తెర పడి లేవవు. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే. బాగుచేయాలంటే చాలాచోట్ల మనిషి పోయి, ఒక్కో మిషను ముందూ కూర్చుని, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫోటో చూసి నా తోటి ఇంజనీర్లు వెక్కిరించారు. నేను మాత్రం ఆ కాగితం రాసిన మనిషికి దండం పెట్టాను. కంప్యూటర్లు పడిపోయినా విమానం ఎగిరిందంటే, ఆ కాగితం ఎట్ల రాయాలో ఎవరో ఒకరు మరిచిపోకుండా ఉన్నారు.

పెద్దమ్మకు నేను చెప్పిన కంప్యూటరు కథల్లో ఆమెకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. 'జ్ఞా'కు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరిన రూపం మెసేజిలో వస్తే చాలు, దాన్ని తెర మీద గీయలేక ఆ యాప్ కూలిపోయేది. తెరిస్తే మళ్లీ అదే అక్షరం, మళ్లీ కూలడం. లక్ష రూపాయల ఫోను! కొన్ని రోజుల్లోనే యాపిల్ సవరణ పంపింది. ఒత్తులూ గుణింతాలూ ఒకదానికొకటి అతుక్కునే లిపిని తెర మీద గీయడం నిజంగానే కష్టమైన పని. ఆ పని రాసినవాళ్లు అన్ని కలయికలనూ పరీక్షించి ఉండరు.

పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఐవారు ఆ అక్షరానికే నా యేళ్ల మీద బెత్తంతో కొట్టినాడు. పాపం ఆ సెల్లుకు కూడా రాలేదా!"

ఆ వేళ్ల సంగతే చెప్పాలి. పెద్దమ్మ చేతులు పత్తి ఏరినవి, మిరపకాయలు తెంపినవి, వరినాట్లు వేసినవి, బూడిదతో అంట్లు తోమినవి. డెబ్బై ఏళ్లు దగ్గరపడే మనిషి వేలిముద్రలో గీతలు ఎట్లాగూ అరుగుతాయి, చర్మం ఎండిపోతుంది. పొలం చేసిన చేతులైతే ఇంకా ముందే అరుగుతాయి. ఇది వేలిముద్ర మిషన్లు తయారుచేసేవాళ్లకు తెలియని రహస్యమేం కాదు. ఒక రోజు పెద్దమ్మకు డబ్బులు ఇవ్వడానికి ఒక బ్యాంకు తరఫు మనిషి చిన్న మిషను పట్టుకొచ్చాడు. పెద్దమ్మ బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. కొంగుకు తుడిచి, కొబ్బరినూనె రాసి, కడిగి, మళ్లీ పెట్టింది. ఎర్ర గుర్తు, ఇంగ్లీషులో ఒక వాక్యం. దాని అర్థం మళ్లీ ప్రయత్నించండి అని. ఆ మిషను పట్టుకొచ్చిన అబ్బాయికి చెమటలు. తప్పు వాడిది కాదు, వాడి తెర మీద అంతకు మించి నొక్కడానికి ఇంకో బటను లేదు.

"నా యేలు నాది కాదంట నాయనా" అంది పెద్దమ్మ, నా వైపు తిరిగి. నవ్వుతూనే అంది.

ఆ తర్వాత ఇంకో వేలు, ఇంకో రోజు, ఇంకో మనిషి, ఎట్లనో డబ్బులు చేతికొచ్చాయి. కానీ అట్లాంటి తెరలు రాసేది మావాళ్లే. నా బల్లకు అటూ ఇటూ కూర్చునేవాళ్లే. ఏసీ గదిలో కూర్చుని, ఏనాడూ చాట పట్టని మెత్తటి వేళ్లతో పరీక్ష చేసి, పచ్చ గుర్తు పడగానే పని అయిపోయిందని మెయిలు పెడతారు.

పని అంటే గుర్తొచ్చింది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నాడు. మా కంపెనీ గ్రూపుల్లో రెండు వారాలు కొట్టుకున్నారు. పెద్దమ్మకు చెప్తే ఆమె సందేహం ఒకటే. "ఆదివారం కూడా కలిపేనా?" కలిపితే రోజుకు పది గంటలు. తెల్లారుజామున నాలుగింటికి లేచి రాత్రి తొమ్మిదికి నడుం వాల్చే మనిషికి అది సెలవు కింద లెక్క. "బర్రెకు ఆదివారం తెలీదు గదా" అంది. ఆ మాట మూర్తిగారికి మద్దతో కాదో నేను తేల్చుకోలేకపోయాను. ఆమె శ్రమను చూపించి నా బోటి వాళ్ల చేత ఇంకో ఇరవై గంటలు చేయించుకోవడం మాత్రం న్యాయం కాదు. ఆమె బర్రె ఆమెది. పాల డబ్బులూ ఆమెవే. నేను రాసిన ప్రోగ్రాము నాది కాదు.

మనవడిది వేరే బెంగ. 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల మందిని తగ్గిస్తామంది. సెప్టెంబరులో ట్రంపు కొత్త హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్లన్నాడు. ఏఐ ప్రోగ్రాములు రాసేస్తోంది. "అన్నా, ఏ కోర్సు చేయాల?" అని వాడు ప్రతి శనివారం అడుగుతాడు. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగు బోర్డులు నిండిన మైత్రీవనం గోడల్ని చూసినవాళ్లకు ఈ ప్రశ్న ఎంత పాతదో తెలుసు. 2000కు ముందు మెయిన్‌ఫ్రేము బోర్డులు, ఆ తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగు టూల్సు, డెవాప్స్, ఇప్పుడు అన్నిటి మీదా ఏఐ స్టిక్కరు. బోర్డులు మారాయి. బ్యాంకుల వెనకగదుల్లో ఆ మెయిన్‌ఫ్రేముల మీది పాత కోబాల్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

నేను కూడా రోజూ ఏఐతోనే రాస్తున్నా. దాచుకోవడం దేనికి? అది గంట పనిని అయిదు నిమిషాల్లో రాస్తుంది. రాసిందాంట్లో తప్పెక్కడుందో వెతకడానికి మిగిలిన గంట పడుతుంది. తప్పును కూడా ఒప్పంత ధీమాగానే రాస్తుంది, అదీ దాంతో బాధ. అందుకని వాడికి ఒకటే చెప్పాను. ఎవరు రాసిన ప్రోగ్రామైనా, మనిషి రాసినా మిషను రాసినా, అది ఏ సందర్భంలో చెడుతుందో పది నిమిషాల్లో చెప్పగలవాడివి కా. ఆ చదువు ఏ బోర్డు మీదా రాయరు. కానీ నీ ఇంట్లోనే ఆ ప్రశ్న అడిగే మనిషి ఉంది, మీ అవ్వ.

వాడు నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత వాడి కాలేజీ ప్రాజెక్టు చూపించాడు, హాజరు తీసుకునే యాప్. వేలిముద్ర పడకపోతే పేరు చేత్తో రాసి, సార్ సంతకంతో ఒప్పుకునే పేజీ ఒకటి అందులో ఉంది. దానికి మార్కులు రాలేదంట. నేనైతే వేసేవాణ్ణి.

వేలిముద్రలతో, ముఖం ఫోటోలతో జనానికి డబ్బులూ బియ్యమూ ఇచ్చే యాప్‌లు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మనవి. విడుదల చేసే ముందు ఒక్క రోజు పొలం ఉన్న ఏ ఊరికైనా రండి, గడివేములకే రండి, మా గోడ దగ్గర కుర్చీ వేస్తాను. డెబ్బై ఏళ్ల చేతుల మీద పరీక్ష చేయండి. 'ముద్ర పడలేదు, వేరే విధంగా ఇవ్వండి' అన్న బటను మొదటి తెర మీదే, తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టండి. టీ పెద్దమ్మ ఇస్తుంది, పాలు ఆమె బర్రెవే.